మాట మధ్యలో పెద్దక్షరం

చెత్తను చదవడం నాకు ఇష్టంగా ఉండేది. నవ్వుతారు గానీ, తొంభైల చివర, హైటెక్ సిటీ వెనక వీధిలో ఒక అద్దె మేడ రెండో అంతస్తులో ఉన్న మా చిన్న కంపెనీలో నాకు అన్నిటికంటే వినోదంగా తోచిన పని అదే. చెత్త అంటే ఈమెయిల్ చెత్త. ఎవరూ అడగని సరుకును ఎవరో తెలియనివాళ్ళు అమ్ముతామంటూ పంపే ఉత్తరాలు. ఒకడు బట్టతల మీద జుట్టు మొలిపిస్తానంటాడు. ఇంకొకడు పరీక్ష రాయకుండానే డిగ్రీ ఇప్పిస్తానంటాడు. మూడోవాడు "మిత్రమా, నీ కోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను" అని మొదలుపెట్టి, చివరికి ప్రింటర్ సిరా అమ్ముతాడు. నన్ను మిత్రమా అన్నవాడు ఎలాంటివాడై ఉంటాడు, ఏ ఊళ్ళో కూర్చుని రాస్తుంటాడు, ఏం పని చేస్తున్నావని భార్య అడిగితే ఏం చెబుతాడు అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

ఆ పని నాకు అప్పగించింది మా మేనేజర్. ఆయన పుట్టి పెరిగిందంతా హైదరాబాదులోనే. మా ఆఫీసు మొత్తానికి ఇంటర్నెట్ లైను ఒక్కటే, అదీ నత్తనడక. పొద్దున్నే ఇరవైమందీ ఒకేసారి మెయిల్ పెట్టెలు తెరిస్తే ఆ లైను ఊపిరాడక ఆగిపోయేది. ఒకరోజు నేను మూసాపేట నుంచి రెండు బస్సులు మారి, చెమటలు తుడుచుకుంటూ మెట్లెక్కేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఏందమ్మా ఇది? పొద్దుగాల వచ్చి చూస్తే డబ్బా నిండ చెత్తనే. క్లయింటు మెయిలు ఏడుందో దొర్కుతలేదు. జర ఏదన్న చెయ్."

"ఏం చెయ్యమంటారండి?"

"నాకేం తెల్సు? మంచివి ఇటు, చెత్తవి అటు. జల్లెడ పట్టు."

ఆయన మాటవరసకి అన్నారు. నేను మాత్రం దాన్ని పేరుగా ఖాయం చేసుకున్నాను. బయటి నుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు మా సర్వర్‌లో ఆగుతుంది. అక్కడ నేను రాసిపెట్టిన రూళ్ళ ప్రకారం చిన్న ప్రోగ్రామ్ ఒకటి దాన్ని పరీక్షిస్తుంది. నెగ్గితే మనిషి పెట్టెలోకి, లేకపోతే చెత్తలోకి. అదే నా జల్లెడ.

మొదటి రూలు అందరికీ తోచేదే. ఫలానా మాటలుంటే ఆపెయ్. ఆ మాటల పట్టిక తయారు చేయడమే తమాషా. వాటిలో కొన్ని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ పలకనివి. టైపు చేసేముందు వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకునేదాన్ని. వారం తిరక్కుండా అవతలివాళ్ళు ఆ మాటల మధ్య చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. చుక్కలు తీసేసి చూడమని రెండో రూలు రాశాను. వాళ్ళు ఓ అక్షరం బదులు సున్నాలు వాడారు. నేను మూడోది రాశాను. వాళ్ళకు నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలియదు, అయినా నాకు మాత్రం ఎవరితోనో ఎత్తుకు పైఎత్తు వేస్తున్నట్టే ఉండేది. మధ్యాహ్నాలు ఖాజాగూడ వైపు బండలు పేల్చేవారు. కిటికీ అద్దాలు గలగలమంటే, అందరూ ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడేవారు. నేను తల ఎత్తేదాన్ని కూడా కాదు.

ఏడో రూలు నాకు చాలా నచ్చినది. చెత్త రాసేవాళ్ళు పట్టుబడకుండా ఉండటానికి మాట మధ్యలో పెద్దక్షరాలు కలుపుతున్నారని కనిపెట్టాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, మళ్ళీ చిన్నది. ఇంగ్లీషులో వాక్యం మొదట్లో పెద్దక్షరం ఉంటుంది, పేరు మొదట్లో ఉంటుంది. మాట నడుమ ఎందుకుంటుంది? ఏ బుద్ధిమంతుడూ అలా రాయడు. ఒక ఉత్తరంలో అలాంటి మాటలు పది దాటితే అది చెత్తే. ప్రోగ్రాములు రాసే మా క్లయింట్లు మాటలు అతికించి అలా రాస్తారు కనక, వాళ్ళ అడ్రసులన్నీ ఒక పట్టికలో పెట్టి వాళ్ళను మాత్రం పరీక్ష లేకుండా వదిలేశాను. ఇంక అనుమానం ఏముంది? మిగతా రూళ్ళకు దొరికినవాటిని వారం రోజులు దాచి, చదివి, అప్పుడు తీసేసేదాన్ని. ఏడో రూలుకు దొరికినవాటిని దాచడం కూడా దండగనిపించింది. సర్వర్‌లో చోటు తక్కువ. అవి వచ్చినవి వచ్చినట్టే చెరిగిపోయేలా పెట్టాను.

నెల తిరిగేసరికి చెత్త నూటికి తొంభై పాళ్ళు పోయినట్టే అనిపించింది. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నారు. "శభాష్! ఇగ నాకు ఫికర్ లేదు" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా నాకు కాళ్ళు నొప్పెట్టలేదు.

ఇక మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన బడిపంతులేం కాదు. మాలో అందరికంటే పెద్దవారు, యాభై దాటినవారు కనక నేనలా పిలిచేదాన్ని, తరవాత అందరూ అలాగే పిలిచారు. కడప జిల్లా మనిషి. పాతికేళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్ది, నలభై అయిదేళ్ళు దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని మా దగ్గర చేరారు. ఆఫీసులో మిగతావాళ్ళమంతా దూరదేశాల క్లయింట్లకు పని చేస్తుంటే, ఆయన ఒక్కరూ మూలన కూర్చుని మూడేళ్ళుగా ఒకే ప్రోగ్రామ్ రాస్తున్నారు. మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెరమీద తెలుగు లిపిలో కనిపించాలి. అదీ ఆయన తాపత్రయం. ఒత్తులు ఎక్కడ తగులుకుంటాయో, సున్న ఎక్కడ జారిపోతుందో, వాటి వెంట పడేవారు.

ఒక సోమవారం మేనేజర్ వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డారు. మాట చెప్పడానికి ఆయనకే ఇబ్బందిగా ఉందని మాకందరికీ తెలుస్తూనే ఉంది.

"మాస్టారూ, నాక్కూడ ఇష్టమే. గని పైనోళ్ళు అడుగుతున్రు, ఇది ఎవరికి కావాలె అని. ఆరు వారాలిచ్చిన్రు. కావాలన్నోళ్ళు ఉన్నరని చూపియ్యుండ్రి. లేకుంటే బంద్ చెయ్యాలె."

బంద్ అంటే మాస్టారికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్ తప్ప ఆయనకు అక్కడ ఇంకో పని లేదు. ఆ వయసులో ఇంకో కంపెనీ గుమ్మం తొక్కితే, అక్కడి కుర్రాళ్ళు ఆయన్ని ఎవరి నాన్నగారో అనుకుని కూర్చోబెడతారు.

ఆయన ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళు కబుర్లు రాసుకునే చోట్ల ఒక విన్నపం పెట్టారు. మా ప్రోగ్రామ్ తీసుకుని వాడి చూడండి, తప్పులుంటే మాకు తెలుగులోనే మెయిల్ రాయండి అని. రోజూ పొద్దున నేను సర్వర్ చూసి లేచేసరికి నావైపు తిరిగేవారు.

"ఏమ్మా, ఒకటన్నా వచ్చిందా?"

"లేదండి మాస్టారూ."

"సరేలే. జనాలకు తీరిక దొరకల్ల గదా."

మూడో వారంలో ఒకటి వచ్చింది. ప్రయత్నం బాగుంది, శుభాకాంక్షలు అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం. తరవాత ఇంకో మూడు నాలుగు, అవీ ఇంగ్లీషులోనే. మేనేజర్ వాటిని చదివి నిట్టూర్చారు. "చూసిన్రా మాస్టారూ, రాసినోళ్ళు గూడ ఇంగ్లీషులనే రాసిన్రు. తెలుగు కావాలన్నోడు తెలుగుల రాయడా?" అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నాకూ అది సబబుగానే తోచింది. పైగా నేనొక మెట్టు ముందుకెళ్ళి, "జనానికి నిజంగానే అక్కర్లేదేమోనండి" అని మాస్టారితో అన్నాను కూడా. ఆయన తలూపి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను కుడుతుంది.

ఆరో వారం శుక్రవారం పైవాళ్ళతో మీటింగు. బుధవారం మధ్యాహ్నం నేను ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. పోనీ ఒకసారి ఆ ప్రోగ్రామ్ వాడి చూద్దామనిపించింది. మూడేళ్ళు ఒకే గదిలో కూర్చుని ఒక్కసారైనా వాడి ఎరగను. అప్పట్లో మెయిల్లో తెలుగు లిపి వెళ్ళేది కాదు కనక, స్నేహితురాళ్ళకు నేనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేదాన్ని గానీ, అన్నీ చిన్నక్షరాలే, దీర్ఘమూ హ్రస్వమూ చదివేవాళ్ళే ఊహించుకోవాలి.

"మీ ఊరి మాట ఏదన్నా కొట్టమ్మా" అని ఆయన కుర్చీ ఇచ్చారు.

మాది గోదావరి పక్క. ఏమీ తోచక, నీళ్ళు అని కొట్టాను. తెరమీద 'నిల్లు' అని వచ్చింది.

మాస్టారు చాలా రోజుల తరవాత నవ్వారు. "నిల్లా! మీ గోదావరిలో ఇవా తల్లీ పారేది? దీర్ఘం కావాలంటే పెద్దక్షరం కొట్టల్ల. ళకారానికీ పెద్దక్షరమే. చిన్నది కొడితే ల, పెద్దది కొడితే ళ. చిన్నది త, పెద్దది ట. చిన్నది న, పెద్దది ణ. 'పాట' అన్నావంటే రెండు పెద్దక్షరాలు. 'నీళ్ళు' అంటే మూడు."

"అన్నీ... మాట మధ్యలోనా?"

"మరి యాడుంటాయి? దీర్ఘం యాడుంటే ఆడ."

నేను కొట్టాను. తెరమీద నీళ్ళు ముచ్చటగా వచ్చింది. నాకు మాత్రం నా ఏడో రూలు గుర్తొచ్చింది. మూడు పెద్దక్షరాలు ఒక్క మాటలో. అలాంటి మాటలు పది దాటితే. తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే పది దాటవూ? లేచి సర్వర్ ఉన్న గదిలోకి వెళ్ళిపోయాను.

ఏడో రూలు ఉత్తరాలను చెరిపేసేది గానీ, చెరిపినప్పుడల్లా ఒక చిట్టాలో గుర్తు రాసేది. ఎవరు పంపారు, విషయం ఏమిటి, ఏ రూలు కింద పోయింది. ఆ చిట్టాను నేను ఎన్నడూ తెరవలేదు. తెరిచాను. జుట్టు మొలిపించేవాళ్ళు, డిగ్రీలు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మధ్య, మాస్టారు విన్నపం పెట్టిన మర్నాటి నుంచి, వేరే రకం వరుసలు. నమస్కారం. అరసున్న గురించి. క్ష రావడం లేదు. మీ తెలుగు పనిముట్టు. ఒత్తు తప్పు. కృతజ్ఞతలు. అన్నీ మాట మధ్యలో పెద్దక్షరాలతో, ఒక్క దీర్ఘం కూడా తప్పకుండా రాసినవి. పేజీలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక అడ్రసు మూడుసార్లు కనిపించింది.

అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టిన మాట దాచను. ఆ చిట్టాను చెరిపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. శుక్రవారం ఎలాగూ వస్తుంది, పోతుంది. నా శభాష్ నాకు మిగులుతుంది. ఆ ఆలోచనతో ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. కుతూహలమే నన్ను లేపిందనుకుంటాను, మంచితనం కాదు. ఆ 'క్ష రావడం లేదు' అన్నాయన లోపల ఇంకా ఏం రాశాడో తెలుసుకోకుండా ఉండలేననిపించింది. చిట్టాను ప్రింటు తీసి మాస్టారి బల్లమీద పెట్టాను.

ఆయన ప్రూఫు చదివినట్టే చదివారు, ఒక్కో వరుస కింద వేలు పెట్టి.

"ఏడో రూలంటే ఏం రాసినావమ్మా?"

చెప్పాను.

"అయితే దీర్ఘాలు సరిగ్గా రాసినోళ్ళంతా చెత్త. దీర్ఘాలు మింగేసినోళ్ళు, ఇంగ్లీషోళ్ళు, వాళ్ళు లోపలికి." ఆయన ఇంకా కాగితం వైపే చూస్తున్నారు. "ఇట్లా తప్పు నేను పాతికేండ్లలో చూడలేదు. భలే తప్పు."

క్షమించండి అన్నాను. ఆయన "మూడేండ్లమ్మా" అని మాత్రం అన్నారు. మాటలో కోపం కూడా లేదు, అందుకే నాకు భరించశక్యం కాలేదు. ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

ఇద్దరం మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలు తిప్పుతూ, "ఇవన్ని తెలుగుల రాసినోళ్ళవేనా?" అని అడిగారు.

"అవునండి."

"మరి తెలుగుల ఎవరు రాస్తలేరని నేనంటి గద?"

"తెలుగులో రాసినవాటిని నేనే రానివ్వలేదు సార్. రానిచ్చినవాటిని చూసి మీరలా అనుకున్నారు."

తిడతారనుకున్నాను. "పరేషాన్ గాకు. గని పైనోళ్ళకు ఈ ముచ్చట నువ్వే చెప్పాలె. నేను చెప్తే మాస్టారి కోసం కథలు అల్లుతున్ననంటరు" అన్నారు.

శుక్రవారం మీటింగులో నేనే చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన, అసలు ఆ జల్లెడ ఎవరు పెట్టమన్నారు అని అడిగాడు. చివరికి రెండు నెలల గడువిచ్చారు. ఆ గడువు పెరిగి పెరిగి, మాస్టారి ప్రోగ్రామ్ మా ఆఫీసులో ఏడాదిన్నర నడిచింది. తరవాత ఆయన దాన్ని వెంటబెట్టుకుని ఇంకోచోటికి వెళ్ళారు. నా జల్లెడ కూడా నడిచింది, ఏడో రూలు లేకుండా, ఏ ఉత్తరాన్నైనా కళ్ళతో చూశాకే చెరిపేలా.

చిట్టాలోని అడ్రసులన్నిటికీ రాయాలన్నది మాస్టారి ఆలోచన. ఉత్తరం నన్ను రాయమన్నారు. ఆయన చెప్పిన పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, నాకు ఒక పూటంతా పట్టింది. దాన్ని ప్రింటు తీసి ఎర్రసిరాతో దిద్ది ఇచ్చారు. పదకొండు తప్పులు. అందులో ఏడు దీర్ఘాలే. దిద్దిన ఉత్తరం ఇలా ఉంది: "మీరు రాసిన ఉత్తరం మాకు చేరింది. మా యంత్రం దాన్ని చెత్తగా భావించి, మేము చదవకముందే పారేసింది. తప్పు మాది. దయచేసి మళ్ళీ రాయండి."

చాలామంది మళ్ళీ రాయలేదు. కొందరు తిట్టారు, అదీ చక్కని తెలుగులో. కొందరు మొదటిసారి రాసినదే దాచుకుని ఉండి తిరిగి పంపారు. క్ష రాని ఆయన రెండు పేజీలు రాశాడు, మాస్టారు అది చదువుతూ టీ చల్లార్చుకున్నారు. ఒకావిడ తన అత్తగారి పాటలు కొట్టుకోవడానికి ఈ పనిముట్టు వాడుతున్నానని రాసింది. పొద్దున్నే ఏమ్మా వచ్చిందా అని అడగడం మాస్టారు మానేశారు. నాకంటే ముందే వచ్చి చదువుతూ కూర్చునేవారు.

మూడుసార్లు కనిపించిన అడ్రసు మద్రాసులో స్థిరపడిన ఒక పెద్దాయనది. రెండు వారాలు జవాబు లేదు. తరవాత ఒకరోజు వచ్చింది. మాస్టారు దాన్ని ప్రింటు తీసి నా బల్లమీద పెట్టి వెళ్ళారు.

"యంత్రం పారేసిందా? అయితే నయం," అని ఉంది అందులో. "మూడుసార్లు రాశాను. ఎవరో ఒకరు చదివే ఉంటారు, ముసలాడి తెలుగు మనకెందుకని పారేసి ఉంటారు అనుకున్నాను. నాలుగోసారి రాయడానికి మనసొప్పలేదు. మనుషులు పారేయలేదని తెలిసి ప్రాణం కుదుటపడింది. ఇదిగో, మీ ప్రోగ్రామ్‌లో నేను గమనించిన తప్పులు." కింద వరసగా తప్పులు, ప్రతిదానికీ ఉదాహరణ.

"దీనికి నువ్వే జవాబియ్యమ్మా" అన్నారు మాస్టారు తన మూల నుంచి.

"ఏమని రాయనండి?"

"ఏం జరిగిందో అదే."

ఆయన పంపిన తప్పులకు కృతజ్ఞతలు రాశాను. ఏవి ఎప్పటికి దిద్దుతామో రాశాను. అక్కడితో ఆపి పంపేయవచ్చు, ఆయన ప్రాణం కుదుటపడే ఉంటుంది. పంపబోయి ఆగాను. కింద ఇంకో వరుస రాసి, చెరిపి, మళ్ళీ రాశాను. మాస్టారికి చూపించకుండానే పంపేశాను. "అయ్యా, యంత్రం కాదండి. అలా పారెయ్యమని దానికి రాసిపెట్టింది నేను. మీ మూడు ఉత్తరాలూ నేనే పారేశాను."